నాలుగు మూలల్లో ఐదు చిల్లులు

పదమూడు మెట్లు వేసినందుకు ఆమెకు ఉద్యోగం వచ్చింది. అది ఆమె మొదటి గెలుపు. ఊరికే వచ్చింది కాదు, అంతకు ముందు రెండుసార్లు ఓడిపోయి మరీ గెలిచింది.

కట్టడాల ఆఫీసులో ట్రేసరు పనికి పరీక్ష. ఇంజనీరు పెన్సిలుతో గీసిన ప్లాను కింద పెట్టి, దాని మీద మైనం పూసినట్టుండే పల్చటి గుడ్డ పరిచి, కిందున్న గీతను పైకి సిరాతో దించడం ఆ పని. మొదటిసారి చెమట చేతులతో సిరా అలికేసింది. రెండోసారి గుడ్డ మీద సుద్దపొడి రుద్ది చెమట సంగతి గెలిచింది కానీ, గీతల పెన్ను ఒత్తి గుడ్డ చింపేసింది. మూడోసారి పన్నెండుమంది కూర్చున్నారు. వాళ్ళకిచ్చిన ప్లానులో పక్కన "మెట్లు పద్నాలుగు" అని రాసి ఉంది, బొమ్మలో మాత్రం పదమూడే ఉన్నాయి. పదకొండుమంది తెలివిగా పద్నాలుగు వేశారు. ఈమె పదమూడు వేసి, పక్కన "మెట్లు పద్నాలుగు" అని ఉన్నదున్నట్టు రాసి ఇచ్చింది.

"తప్పు కనబడలేదా?" అని పెద్ద ఇంజనీరు అడిగాడట.

"కనబడిందండి. గీసేవారు వేరు, దిద్దేవారు వేరు. నేను దించేదాన్నండి."

పదకొండుమందినీ ఇంటికి పంపి ఈమెను ఉంచుకున్నారు. అప్పుడామెకు పంతొమ్మిదేళ్ళు. గేటు బయట ఇసుక కుప్ప మీద కూర్చుని ఎదురుచూస్తున్న అన్న ఆ కబురు వినగానే ఇసుక దులుపుకోకుండానే లేచి నిలబడ్డాడు. తప్పు వేస్తే ఉద్యోగమివ్వడమేమిటని ఆయన ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యం ముప్పై ఏళ్ళు దాటినా ఆయనకు తీరలేదు. ఊరి బడిలో ఐదు తరగతులు చదివి, తాపీ పట్టి నలభై రెండు ఇళ్ళు, మూడు బళ్ళు, ఒక ఆసుపత్రి లేపిన మనిషి ఆయన. అందరూ మేస్త్రి అంటారు. చెల్లెలి సంగతి ఎత్తాడంటే మాత్రం తను కట్టినవన్నీ మరిచిపోతాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. నాలుగు వేల రెండు వందల షీట్లు. రెండు వంతెనలు, ఒక ఆనకట్టకు పదహారు తలుపులు, లెక్కలేనన్ని నీళ్ళ ట్యాంకులు. ఒక్క షీటు వెనక్కి రాలేదు. కావాలంటే వెళ్ళి చూసుకోండి అంటాడు, చూడ్డానికి ఆ సెక్షనే ఇప్పుడు లేకపోయినా.

సెక్షన్ని కంప్యూటర్లు మింగేశాయి. పెన్షనుతో ఇంటికొచ్చిన చెల్లెలు అన్నావదినల దగ్గరే ఉండిపోయింది. మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడు వదిన ఒకటి కనిపెట్టింది. ఈమె పొద్దున పేపరు చదవడం లేదు. కిటికీ అద్దానికి ఆనించి, పైన తెల్లకాగితం పెట్టి, అందులోని బొమ్మలన్నీ దించుతోంది. మంత్రుల ముఖాలు, సబ్బుల ప్రకటనలు, తప్పిపోయిన వాళ్ళ ఫోటోలు. దించినవన్నీ ట్రంకుపెట్టెలో పేర్చుతోంది. "నీ చెల్లెలి చెయ్యి ఊరుకోవడం లేదయ్యా, ఏదో ఒక దారి చూడు" అని వదిన అంటే, లైబ్రరీ మేడ మీద పెద్దవాళ్ళకు బొమ్మల క్లాసు పెట్టారని మేస్త్రి విని వచ్చాడు. చెల్లెలు ఒక్కతే వెళ్ళనంది. సరే, తనూ పేరు రాయించుకున్నాడు. అరవయ్యారేళ్ళ వయసులో కుంచె పట్టిన మొగుణ్ణి చూసి వదిన, ఇద్దరికీ పలకలు కొనిపెట్టనా అని అడిగింది.

ఆ మేడ మీది హాలు పొడవాటిది. తలుపు ఒక చివర, ఉత్తరం వైపు పెద్ద కిటికీలు రెండో చివర. మధ్యలో మూడు వరసల కుర్చీలు. తలుపు దగ్గరి వరస కుంచె ఎలా పట్టుకోవాలో తెలియనివాళ్ళది. మధ్య వరస కొంచెం చెయ్యి తిరిగినవాళ్ళది. కిటికీ దగ్గరి వరస ఆరితేరినవాళ్ళది. ఎవరి కుర్చీ వీపు మీద వాళ్ళని పిలిచే పేరు సుద్దతో రాసి ఉంటుంది. మార్కులు లేవు, సర్టిఫికెట్లు లేవు. నెలాఖరు శనివారం మాస్టారు ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి, మీ కుర్చీ తనే ఎత్తి ముందు వరసలో పెడతాడు. లేదంటే వెనక వరసలో పెడతాడు. మీరు లేచి దాని వెంట నడవాలి. బ్యాంకు మేనేజర్లుగా, హెడ్మాస్టర్లుగా పనిచేసినవాళ్ళు కూడా ఆ నెలాఖరు రోజున పిల్లల్లా కుర్చీ అంచున కూర్చునేవారు.

మొదటిరోజు మాస్టారు అందరినీ ఒక గీత గీయమన్నాడు. మేస్త్రి గోడకు పగులొచ్చినట్టు గీశాడు. చెల్లెలు గీసిన గీత చూసి మాస్టారు కాగితాన్ని వెలుతురుకు పట్టి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పాడు. తర్వాత నెలాఖరు దాకా ఆగకుండా ఆమె కుర్చీ ఎత్తుకెళ్ళి తిన్నగా కిటికీ పక్కన పెట్టాడు. ఆ వరసలో నాలుగేళ్ళుగా పాతుకుపోయిన పళ్ళ డాక్టరమ్మ తన రంగుల డబ్బా పక్కకు జరుపుకుంది. మేస్త్రికి ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది. పక్కనున్న మందుల షాపాయనకు పదమూడు మెట్ల కథ మొదలుపెట్టి, క్లాసు అయ్యేదాకా ఆపలేదు.

మూడు వారాలు కూడా నిండలేదు. ఒక శనివారం మాస్టారు బల్ల మీద రాగి కూజా పెట్టి అందరినీ గీయమన్నాడు. గంట గడిచింది. గంటన్నర గడిచింది. మేస్త్రి కూజా సిమెంటు పోసినట్టు నిటారుగా లేచింది. మందుల షాపాయన కూజా ఒక పక్కకు సోలిపోయింది. చెల్లెలి కాగితం మీద మాత్రం ఏమీ లేదు. చేతిలో పెన్సిలు ఉంది, కళ్ళు కూజా మీదున్నాయి, చెయ్యి కదలడం లేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఇందులో గీత ఎక్కడుందండి?"

వరసంతా నవ్వింది. ఆమె వేళాకోళానికి అనలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె చూసిన ప్రతి గీతా ఎవరో ముందే గీసిపెట్టినది. కూజాకు రాగి ఉంది, మెరుపు ఉంది, నీడ ఉంది. గీత లేదు.

"గీత అక్కడుండదు. మీరు తేవాలి" అన్నాడు మాస్టారు. తర్వాత అందరూ వినేట్టు, దించడం అంటే ఒకరి చెయ్యి పట్టుకుని నడవడం లాంటిదని, తన జన్మలో ఒక్క గీత కూడా కింద బొమ్మ పెట్టుకుని గీసి ఎరగనని చెప్పాడు. చెప్పి, గోడకున్న బొమ్మ వైపు చూపించాడు. సూదిలో దారం ఎక్కిస్తున్న ఒక ముసలమ్మ. పెన్సిలు గీత మీద పల్చటి నీటిరంగు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయనకు పెద్ద బహుమతి తెచ్చిన బొమ్మ అది. పేరూ పరువూ, చివరికి ఈ క్లాసూ, అన్నీ దాని చలవే.

ఆ నెలాఖరున ఆయన చెల్లెలి కుర్చీ ఎత్తాడు. కిటికీ దాటాడు, మధ్య వరస దాటాడు, తెచ్చి తలుపు పక్కన మేస్త్రి కుర్చీకి ఆనించి పెట్టాడు. రెండు వరసలు ఒక్కసారిగా దింపడం ఆ హాల్లో ఎవరూ చూడలేదు. తన చేత్తో కట్టిన గోడ తన కళ్ళ ముందే పడిపోతే కూడా మేస్త్రికి అంత దెబ్బ తగిలి ఉండేది కాదు. చెల్లెలు నిదానంగా నడిచొచ్చి కూర్చుంది, చీర కొంగు సర్దుకుంది, అంతే. ఇంటికెళ్తూ దారిలో మాత్రం ఒకమాట అంది.

"అన్నయ్యా, నాలుగు వేల షీట్లలో నాదంటూ ఒక్క గీత లేదా?"

మర్నాడు పొద్దున్నే మేస్త్రి పాత పనిముట్ల సంచి విప్పి మట్టపు దారం తీశాడు, చివర ఇత్తడి గుండు కట్టి ఉండే దారం. గోడ నిలువుగా ఉందో లేదో చూసేది దానితోనే. దాన్ని చెల్లెలి చేతికిచ్చి, చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, దారం పక్కన వస్తువు ఎంత ఒరిగిందో చూడమన్నాడు. తను ఇటుక కొలిచేటట్టు బొటనవేలితో పెన్సిలు మీద కొలత పట్టడం చూపించాడు. కూజా ఎత్తు మూడు బొటనవేళ్ళు, మూతి ఒకటి. గీత లేకపోయినా కొలత ఉంటుంది కదా అన్నాడు.

ఐదు నెలలు. బకెట్టు, కుంపటి, వదిన మోచెయ్యి, కుట్టుమిషను, చెప్పులు. ఇంట్లో ఆమె దారం పట్టి చూడని వస్తువు లేదు. "నన్ను కూడా మట్టం చూస్తోంది, నేను ఒరిగానా ఏమిటి?" అని వదిన మూతి తిప్పేది. ట్రంకుపెట్టె మూతపడిపోయింది. కిటికీ అద్దం ఖాళీ అయింది. ఐదో నెలలో కూజా కాగితం మీదికొచ్చింది. అందులో వణుకు ఉంది, మూతి కొంచెం సొట్ట, అయినా కింద ఏమీ పెట్టకుండా వచ్చింది. మేస్త్రి దాన్ని మందుల షాపుకు తీసుకెళ్ళి చూపించి వచ్చాడు.

ఏడాది చివర అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏ వరసవాళ్ళైనా సరే, గోడకున్న ముసలమ్మ బొమ్మను కంటితో చూసి మళ్ళీ వేయాలి. దాన్ని బట్టే వచ్చే ఏటి కుర్చీలు. కిటికీ వరసకు వెళ్ళాలంటే అదొక్కటే దారి. చెల్లెలికి అక్కడికే వెళ్ళాలని ఉంది. ఎవరి గీతా దించకుండా, తన సొంత గీతతో వెళ్ళాలని.

ఆ పరీక్షకు ముందు శనివారం క్లాసు అయ్యాక, బొమ్మను గోడ మీంచి తీసి దగ్గరగా చూసుకోవచ్చా అని ఆమె అడిగింది. మాస్టారు అద్దం తుడిచి మరీ ఇచ్చాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఆఫీసు నాటి భూతద్దం తీసి, బొమ్మను పక్క వెలుతురుకు కొంచెం వాల్చింది. మేస్త్రి ఎదురుగా నిలబడి ఉన్నాడు. చూస్తూ ఉండగానే ఆమె భూతద్దాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపి, మళ్ళీ మొదటి మూలకే తెచ్చింది. బొమ్మ జాగ్రత్తగా గోడకు తగిలించి, మాస్టారికి నమస్కారం పెట్టి, మెట్లు దిగింది. సగం మెట్ల మీద ఆగి రెయిలింగు పట్టుకుంది.

"అది ఆయన చూసి గీసింది కాదు అన్నయ్యా. దించింది."

"పిచ్చిదానివా? ఎవరు చెప్పారు?"

"చిల్లులు చెప్పాయి. కాగితం అంచున ఉండే చిల్లులు బల్లకు కొట్టిన పిన్నులవి, అవి అందరికీ ఉంటాయి. ఇవి లోపల ఉన్నాయి, బొమ్మ చుట్టూ నాలుగు మూలల్లో. పైన ఇంకో చిన్న కాగితం పెట్టి పిన్ను చేస్తేనే అక్కడ చిల్లు పడుతుంది. పైగా ఐదున్నాయి. ఎడమ మూల రెండు."

"రెండైతే?"

"మధ్యలో కాగితం జారింది. తీసి మళ్ళీ గుచ్చాడు. మోచెయ్యి దగ్గర్నుంచి కింది గీత బియ్యపుగింజంత పక్కకు పోయింది. రంగు కింద ఆ రెండో గీత కనబడుతోంది. నా మొదటి ఏడు నాక్కూడా అలాగే జారేది."

మేస్త్రికి దిమ్మ తిరిగింది. తన చెల్లెల్ని తలుపు దగ్గరికి తోసినవాడు, అందరి ముందూ దించడాన్ని తీసిపారేసినవాడు చేసింది ఇదే పనా? ఇప్పుడే పైకెళ్ళి కడిగేస్తానన్నాడు. ఆమె ఆయన చొక్కా పట్టుకుని ఆపింది. మాస్టారి అన్నం ఆ బొమ్మలో ఉంది, ఊరుకో అంది.

ఆ వారమంతా ఇంట్లో అదే రభస. మేస్త్రి వాదన ఒక్కటే, వచ్చే శనివారం అందరి ముందూ చెప్పాలి. వదిన ఇంకో దారి చెప్పింది. చిల్లులు వదిలేసి శుభ్రంగా బొమ్మ ఒక్కటీ వేసుకో, కుర్చీ కిటికీ దగ్గరికి వెళ్తుంది, ఎవరి పరువూ పోదు. చెల్లెలు రెండూ వింది. నిజంగా ఇరుక్కుపోయింది. చిల్లులు వేస్తే మాస్టారు తల దించుకోవాలి, తన కుర్చీ ఇక ఎప్పటికీ తలుపు దగ్గరే ఉంటుంది, అసలు ఉంటుందో లేదో. వేయకపోతే పదమూడు మెట్లను పద్నాలుగు చేసినట్టే. చివరికి శుక్రవారం సాయంత్రం టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పింది.

"ఉన్నదాన్ని వదిలేస్తే అది నా షీటు కాదు వదినా. నేనెవరికీ ఏమీ చెప్పను. కానీ వదలను."

శనివారం మూడు గంటలు కూర్చుంది. మట్టపు దారం గాలిలో పట్టుకుని, ఒక కన్ను మూసి, ముసలమ్మను తెచ్చి కాగితం మీద కూర్చోబెట్టింది. వేళ్ళు, ముడతలు, సూది బెజ్జంలోకి పోబోయి ఆగిన దారం. చివర సూది తీసి నాలుగు మూలల్లో ఐదు చోట్ల గుచ్చింది. మోచెయ్యి కింద బియ్యపుగింజంత పక్కగా రెండో గీత సన్నగా లాగింది. మేస్త్రి అటు చూస్తూనే గీశాడు. తన కాగితం మీద ముసలమ్మ బదులు గోడ లాంటిదేదో లేచింది.

మాస్టారు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చాడు. ఆమె దగ్గర ఆగాడు. ముందు ఆయన ముఖంలో మెచ్చుకోలు కనబడింది, అందులో అబద్ధం లేదు. తర్వాత చూపు మూలకు పోయింది. మోచేతికి పోయింది. ఉన్నపళంగా ఆయన పదేళ్ళు ముసలివాడైనట్టు అనిపించింది మేస్త్రికి.

ఆయన అంతసేపు ఆగడం చూసి కిటికీ వరస నుంచి లేచొచ్చిన డాక్టరమ్మ కాగితంలోకి తొంగి చూసి నవ్వింది. "ఇదేమిటండీ ట్రేసరమ్మగారూ, పురుగు తిన్నట్టు ఈ చిల్లులేమిటి?"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల కింద చెల్లెలి కాలు ఆయన పాదాన్ని గట్టిగా తొక్కింది.

"కాగితం పాతది కదండి" అంది ఆమె, మాస్టారి వైపే చూస్తూ. "ఉన్నదున్నట్టు వేశాను. దిద్దడం నా పని కాదు."

అంతే. ఇంకొక్క మాట అనలేదు. ఆయన కావాలంటే నవ్వేసి ముందుకు పోవచ్చు. పాత కాగితం, పాత చిల్లులు, ఎవరికి తెలుస్తుంది? మేస్త్రి ఆయన ముందుకు కదులుతాడనే అనుకున్నాడు. మాస్టారు వెనక్కి తిరిగాడు. ఆయన వెళ్ళి గోడకున్న బొమ్మ తీసి, అద్దం విప్పి, ఆమె బొమ్మ పక్కన బల్ల మీద పెట్టాడు.

"అది మా నాయనమ్మ ఫోటో" అన్నాడు. "ఆ వేళ్ళు నాకు రాలేదు. ఆరు నెలలు ప్రయత్నించాను. ఫోటో పెద్దది చేయించి, దాన్ని పల్చటి కాగితం మీదికి తీసి, ఆ కాగితం వెనక పెన్సిలు పొడి రుద్ది, దీనికి గుచ్చి, పైనుంచి ఒత్తి దించాను. బహుమతి వచ్చింది. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. ముప్పై ఆరేళ్ళు."

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మందుల షాపాయన ఎందుకో లేచి నిలబడి, ఎందుకు లేచాడో తెలియక అలాగే ఉండిపోయాడు. ఇంతసేపూ ఆ మాట తనే చెప్పి గెలవాలని చూసిన మేస్త్రి, అది ఆయన నోటి నుంచే విని తిరిగి తన కుర్చీలో కూర్చున్నాడు.

మాస్టారు హాలు ముందుకెళ్ళాడు. అక్కడ ఆయన కుర్చీ ఉంది, వీపు మీద ఏ పేరూ లేనిది అదొక్కటే. దాన్ని రెండు చేతులా ఎత్తి, కిటికీ వరస దాటి, మధ్య వరస దాటి, తెచ్చి తలుపు పక్కన మేస్త్రి కుర్చీ దగ్గర పెట్టి కూర్చున్నాడు. ఆ హాల్లో కుర్చీ ఎత్తాక మాట్లాడకూడదు, అందుకని ఎవరూ మాట్లాడలేదు. చివరికి మేస్త్రే ఆయన వైపు వంగాడు.

"ఇక్కడ గాలి రాదు మాస్టారూ."

"ఫరవాలేదు మేస్త్రిగారూ. ఆ దారం పట్టుకోవడం ఎలాగో ఒకసారి చూపించండి."

తర్వాత రెండు శనివారాలు కిటికీ వరసలో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మూడో శనివారం డాక్టరమ్మ వచ్చింది, ఆమె వెనక మిగతావాళ్ళు వచ్చారు. మాస్టారు తలుపు దగ్గరి కుర్చీలోంచే క్లాసు చెప్పాడు. చెల్లెలి కుర్చీ మాత్రం ఆయన ముట్టుకోలేదు. మేస్త్రికి అది మింగుడుపడలేదు. అంత బొమ్మ వేసిన మనిషిని ఇంకా ఇక్కడే ఉంచుతాడా అని లోపల ఉడికిపోయాడు.

నాలుగో శనివారం మాస్టారు జేబులోంచి ఒక ఉత్తరం తీసి ఆమెకిచ్చాడు. ఎక్కడో పాత సభాభవనంలో గోడల మీద బొమ్మలు పెచ్చులూడి రాలిపోతున్నాయట. బాగుచేసే ముందు ప్రతి గీతనూ, ప్రతి పగులునూ ఉన్న సైజులో ఉన్నట్టే పల్చటి షీట్ల మీదికి ఎక్కించాలట. రాలిపోయినచోట ఖాళీ వదలాలి. సగం ముక్కు మిగిలితే సగమే వేయాలి. ఆ పనికి రమ్మని వాళ్ళు మాస్టార్ని పిలిచారు.

"నేను వెళ్తే మిగతా సగం ముక్కు వేసేస్తాను" అన్నాడు మాస్టారు. "నా చెయ్యి ఊరుకోదు. మీ పేరు రాసి పంపాను. రమ్మన్నారు."

ఆమె ఉత్తరం రెండుసార్లు చదివింది. "కిటికీ దగ్గరికి వెళ్దామనుకున్నానండి" అంది చిన్నగా.

"అది మీకు ఎప్పుడో వచ్చేసింది. ఆ రోజు నా కుర్చీ మోసుకుంటూ ఆ సంగతి మరిచిపోయాను" అని ఆయన లేచి, ఆమె కూర్చున్న కుర్చీ అడిగి తీసుకుని, అందరూ చూస్తుండగా కిటికీ పక్కకు మోసుకెళ్ళాడు. ఆమె దాని వెంట నడిచి, ఒక్క గంట ఆ వెలుతురులో కూర్చుని రాగి కూజా గీసింది. ఈసారి మూతిలో సొట్ట లేదు.

సోమవారం బస్సెక్కింది. ట్రంకుపెట్టెలో గీతల పెన్నులు, సుద్దపొడి డబ్బా, భూతద్దం, అన్న మట్టపు దారం. వెళ్ళిన పదో రోజున ఫోను చేసి, ఒక గోడ మీద ఏనుగుకు ఐదు కాళ్ళున్నాయని చెప్పింది. ఐదూ వేశావా అని అడిగాడు మేస్త్రి, అడిగి తనే నవ్వాడు. ఇప్పటికి ఎనభై ఏడు షీట్లు పూర్తయ్యాయి, ఒక్కటీ వెనక్కి రాలేదు. ఈ లెక్క ఆయన మందుల షాపులో రోజూ చెబుతాడు. మధ్యలో ఆయన కుర్చీ కూడా ఒక వరస ముందుకెళ్ళింది. అది పొరపాటై ఉంటుందని ఆయన ఇంకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాడు.

ప్రతి శనివారం అందరికన్నా ముందెళ్ళి కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ తుడుస్తాడు. దాని వీపు మీద "ట్రేసరమ్మ" అన్న పేరు చెరిగితే మళ్ళీ రాస్తాడు. పేరు కింద, అక్కడ ఎవరూ కూర్చోకుండా, తన గోడకు పగులొచ్చినట్టుండే అక్షరాలతో ఆమె తిరిగొచ్చే రోజు కూడా రాసిపెట్టాడు: ఏప్రిల్ పన్నెండు, శనివారం.